బాపు ఎడమ చెప్పు

అల్లుడి బూట్లు మా గుమ్మం ముందు కనబడ్డాయంటే నా మనసు నిలకడగా ఉండదు. మొన్న శనివారం మధ్యాహ్నం నా బిడ్డ కరుణ, అల్లుడు, ఏడేండ్ల మనవరాలు మిన్ను కరీంనగర్ నుంచి మంచిర్యాలకు వచ్చారు. కొడుకు, కోడలు, వాళ్ల పిల్లలిద్దరూ ఇక్కడ మాతోనే ఉంటారు కాబట్టి ఇల్లు ఒక్కసారే నిండింది. వచ్చినవాళ్లు వచ్చినట్టు లోపలికి పోయారు. నేను మాత్రం గుమ్మం దగ్గరే నిలబడి, పక్కపక్కన విడిచిన ఆ నల్లబూట్లను చూస్తున్నాను. "ఏందే, బూట్లకు ప్రార్థన చేస్తున్నవా?" అని మా ముసలాయన కుర్చీలోంచే ఎగతాళి చేశాడు. ఆయనకు తెలియని కథ కాదు. ముప్పై సార్లు విన్నాడు. విన్న ప్రతిసారీ, "గంత చిన్న ముచ్చటకు గింత బాధెందుకు?" అంటాడు. అందుకే ఇక ఆయనకు చెప్పడం మానేసి కాగితం మీద పెడుతున్నాను.

నాకు అక్షరాలు నలభై ఏండ్లు దాటినాక వచ్చాయి. చర్చిలో ఆడవాళ్లకు చదువు చెప్పే తరగతి పెడితే, చంకలో పాటల పుస్తకం పెట్టుకుని పోయి నేర్చుకున్నాను. పాటలన్నీ అంతకుముందే నోటికి వచ్చు. ఏ మాట తరువాత ఏ మాట ఉందో తెలుసు. దాని ముఖం ఎట్లా ఉంటుందో గుర్తుపట్టడమే మిగిలింది. ఇప్పటికీ రాసేటప్పుడు నా పెదవులు కదులుతాయి. కాబట్టి నా రాతలో సింగారం వెతకొద్దు. ఉన్నది ఉన్నట్టు రాస్తాను. ఉన్నది ఉన్నట్టు అనడమే నీ జబ్బు అని నన్ను కన్న మా అవ్వ తిట్టేది. ఆ జబ్బుతో నేను మా అమ్మమ్మకు ఏం చేశానో ఇక్కడ చెబుతాను.

మా బాపు జమ్మికుంటలో పత్తిమిల్లులో పని చేసేవాడు. పత్తిలోంచి గింజ తీసే మిషను దగ్గర ఆయన పని. ఇంటికి వచ్చేసరికి కనుబొమల మీద, చెవుల వెంట్రుకల మీద తెల్లటి నూగు పేరుకుని, ఉన్న వయసుకు ఇరవై ఏండ్లు ఎక్కువ కనిపించేవాడు. అమ్మమ్మవాళ్లది ఆసిఫాబాద్ పక్కన చిన్న పల్లె. నెలలో మొదటి ఆదివారం అక్కడి చర్చిలో ప్రభువు బల్ల ఇచ్చేవాళ్లు. ఆ రొట్టె ముక్క తీసుకునేటప్పుడు కొడుకు, బిడ్డ, మనవలు అందరూ తన వరుసలో ఉండాలని అమ్మమ్మ పట్టుదల. అందుకని నెలకోసారి శనివారం బాపు మిల్లు నుంచి రాగానే, తల మీద నూగైనా సరిగా దులుపుకోనియ్యకుండా అవ్వ తొందర పెట్టేది. అవ్వ, బాపు, నేను, తమ్ముడు యోసేపు, నలుగురం ప్యాసింజరు ఎక్కేవాళ్లం. గోదావరి దాటినాక మంచిర్యాలలో బొగ్గు వాసన వచ్చేది. బొగ్గు వాసన పోయి అడవి వాసన మొదలైందంటే ఇక తాత దగ్గరికి వచ్చేసినట్టే. తాత స్టేషను బయట ఎడ్లబండి కట్టుకుని ఉండేవాడు. పడుచుతనంలో పత్తి ఏరడానికి మరాఠీ ఊళ్లకు పోయి నేర్చుకున్న నాలుగు ముక్కలు మా మీదే ఖర్చు పెట్టేవాడు. "ఆలీస్ కా, పోరీ?" అని నన్ను నడుం పట్టి ఎత్తి బండిలో గడ్డి మీద వేసేవాడు. వచ్చినవా పిల్లా అని దాని అర్థం. ఆ గడ్డి వాసన, తాత బీడీ వాసన, ఎండాకాలమైతే బండిదారి పొడుగునా రాలిన ఇప్పపువ్వు మత్తువాసన కలిసి నాకు శనివారం వాసన. ఇప్పుడు ఏ శనివారానికీ ఏ వాసనా లేదు.

అమ్మమ్మ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. అత్త అల్లుడి ఎదుటికి రాదు, అల్లుడితో నేరుగా మాట్లాడదు. ఎవరో పెట్టిన చట్టం కాదు, మర్యాద. బాపు వచ్చి అరుగు మీద కూర్చుంటే అమ్మమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కుని వంటింటి తలుపు వెనక్కి పోయేది. ఇద్దరి నడుమ నాలుగు అడుగుల దూరం. ఆ నాలుగు అడుగులు మాటను మోసేది నేను.

"సువార్తా, ఇంకో రొట్టె తింటడా మీ బాపునడుగు."

"బాపూ, ఇంకో రొట్టె తింటవా?"

"సాలని చెప్పు."

"సాలంట అమ్మమ్మా."

"గట్లనా? మరి గంత కోడికూర ఎవల కోసం వండిన్నో జర అడుగు."

"బాపూ, కూర ఎవల కోసం వండిందని అడుగుతుంది. మూతి గూడ ముడిసింది."

బాపు నవ్వు దాచుకుని ఇంకో రొట్టె తీసుకునేవాడు. మామ కూతురు రూతు వదిన నాకన్నా రెండేండ్లు పెద్దది. తలుపు చాటున అమ్మమ్మ పక్కనే నిలబడి పడీపడీ నవ్వేది. "మాటలు మోయమంటే మూతులు గూడ మోస్తవేందే? నువ్వు పోస్టోనివి కాదు, పోలీసోనివి" అనేది. నాకు ఆ పేరు నచ్చేది. అంత పెద్దమనుషులు ఇద్దరూ నేను లేకపోతే మూగవాళ్లని గర్వంగా ఉండేది.

ఆదివారం పొద్దున తాత గంట కొట్టేవాడు. గంట అంటే గంట కాదు. చర్చి ముందర వేపచెట్టుకు వేలాడదీసిన రైలుపట్టా ముక్క. ఇనుప మేకుతో దాన్ని మూడు దెబ్బలు కొట్టి, చాలాసేపు ఆగి, మళ్లీ మూడు కొట్టేవాడు. మొదటి మూడు దెబ్బలకు అమ్మమ్మ నీళ్లు కాచి, రూతు వదినను, దాని తమ్ముడు ప్రకాశాన్ని, మమ్మల్ని వరుసగా రాయి మీద కూర్చోబెట్టి వీపు మంట పుట్టేదాకా రుద్దేది. రెండో మూడింటికి తలలకు నూనె పెట్టేది. చర్చిలో చాప మీద ఆమెకు అటూ ఇటూ మేము. ఆమె చీరకు పొయ్యిపొగ, తమలపాకు కలిసిన వాసన. పాస్టరయ్య ప్రసంగం పొడుగైతే ఆ చీరలో ముఖం పెట్టి పడుకునేవాళ్లం. ఆమె ఏమీ అనేది కాదు. పాట మొదలైనప్పుడు మాత్రం తొడ మీద గిల్లి లేపేది.

ఇక సాయంత్రం. ప్యాసింజరు ఆరున్నరకు. నాలుగు దాటితే బండి కట్టాలి. సోమవారం పొద్దున్నే బాపు మిల్లులో ఉండాలి. అవ్వ సంచులు సర్దేది, బాపు అంగీ తొడుక్కుని చెప్పుల కోసం గుమ్మం దగ్గరికి వచ్చేవాడు. అక్కడ కుడి చెప్పు ఒక్కటే ఉండేది. ఎడమ చెప్పు ఉండేది కాదు. నెల తప్పి నెల ఇట్లాగే జరిగేది. పిల్లలం నలుగురం ఇల్లంతా ఉరికేవాళ్లం. బాపుకు ఎదురుపడకుండా, నెత్తి మీది కొంగు జారనియ్యకుండానే అందరికన్నా ఎక్కువ గోల చేసి వెతికేది అమ్మమ్మే. "గిదేం పాడైందో! కుక్క నోట కరసుకపోయిందా ఏంది?" అని కుక్కను తిట్టేది. తాత బీడీ ముట్టించి ఆకాశం చూసేవాడు. ఎద్దులను కట్టాలన్న ధ్యాసే ఉండేది కాదు. దూరాన రైలు కూత వినబడి, ఆ కూత అడవిలో కలిసిపోయినాక అమ్మమ్మ కోళ్లగంప ఎత్తేది. "ఓ యమ్మ! గీ కోడిని సూడుండ్రి, చెప్పు మీద పొదుగుతున్నది!"

అందరం నవ్వేవాళ్లం. చివరికి బాపు కూడా. అమ్మమ్మ తడిగుడ్డ కప్పిన గిన్నె బయటికి తీసేది. అందులో సర్వపిండి కోసం కలిపిన పిండి. నానిన శెనగపప్పు, నువ్వులు, పల్లీలు, ఉల్లాకు అన్నీ వేసి, పది మందికి సరిపడా. బండి తప్పింది ఇప్పుడు కదా, పిండి పొద్దుననే ఎట్లా కలిసింది? ఎవరూ అడిగేవాళ్లు కాదు. అడగకపోవడమే ఆటలో పెద్దభాగం. అవ్వకు తెలుసు, తాతకు తెలుసు, నాకు తెలుసు. బాపుకూ తెలుసనే ఇప్పుడు అనుకుంటున్నాను. అత్త అల్లుణ్ణి ఈ పూట ఉండమని నోటితో అడగకూడదు. మూడోమనిషితో అడిగిస్తే అల్లుడు కాదనవచ్చు, కాదంటే ఇద్దరికీ చిన్నతనం. చెప్పు అయితే ఎవరినీ చిన్నబుచ్చదు. ఆ ఒక్క పూట దొరికే సర్వపిండి, పెనానికి అంటుకున్న మాడుముక్క కోసం ప్రకాశం, యోసేపు కొట్టుకోవడం, నా తలలో పేలు చూస్తూ అవ్వతో అమ్మమ్మ నెమ్మదిగా మాట్లాడే మాటలు, అవన్నీ ముందటి రోజంతటికన్నా రుచిగా ఉండేవి. దొంగిలించి తెచ్చుకున్న పూట కదా.

అట్లా ఉండిపోయినప్పుడు సోమవారం తెల్లారకముందే వచ్చే బండి ఎక్కి బాపు ఎట్లాగో మిల్లు వేళకు అందుకునేవాడు. ఒకసారి ఆ బండి ఆలస్యమైంది. బాపు మిల్లు చేరేసరికి మధ్యాహ్నం అయింది. మేస్త్రి లోపలికి రానియ్యలేదు. పదిహేను రోజులు పనిలోకి రావొద్దన్నాడు. ఆ పదిహేను రోజులు బాపు తల మీద నూగు లేకుండా ఇంట్లో కూర్చున్నాడు. ఆయన ముఖం శుభ్రంగా ఉండటం చూసి నాకు భయమేసింది. అవ్వ పత్తి ఏరడానికి కూలికి పోయింది. మరుసటి నెల ఆసిఫాబాద్ పోలేదు. ఆ పై నెల అవ్వ బతిమాలింది. చివరికి బాపు అన్నాడు: "వస్త. కానీ ఈసారి బండి తప్పిందంటే ఇగ జన్మల గా గడప తొక్క."

ఆ మాట నేను విన్నాను. విన్న మాటను మోయడం నా పని. అది తెలిసే అవ్వ నన్ను పక్కకు లాగి, "గీ మాట మీ అమ్మమ్మ చెవుల పడ్డదో, నాలుక మీద వాత పెడుత. ముసలిది కుములుతది" అంది. అమ్మమ్మకు చేరవలసిన మాటల్లో అన్నింటికన్నా ముఖ్యమైనదాన్ని నేను గొంతులోనే దాచుకుని రైలెక్కాను.

ఆ ఆదివారం చర్చి అయింది, భోజనాలు అయ్యాయి. అవ్వ సంచులు కడుతోంది. అమ్మమ్మ ఎడమ చెప్పును కొంగు కింద పెట్టుకుని పోయి, మూలన పేర్చిన బొంతల నడుమ దోపడం నేను చూశాను. రెండు నెలల తర్వాత వచ్చాం కదా, ఆమె ముఖంలో చిన్నపిల్ల సంబరం ఉంది. బాపు గుమ్మం దగ్గరికి వచ్చి ఒంటి చెప్పును చూశాడు. నవ్వలేదు. వెతుకులాట మొదలైంది. రూతు వదిన కోళ్లగంప ఎత్తింది. ప్రకాశం గడ్డివాము చుట్టూ తిరిగాడు. అమ్మమ్మ ఎప్పటిలాగే కుక్కను తిడుతోంది. పొద్దున యోసేపు ఆ చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని వాకిట్లో టకటక నడిచాడు. అది బాపుకు గుర్తొచ్చింది. "ఏడ పడేసినవ్‌రా?" అని వాణ్ణి లాగి చెంప మీద కొట్టాడు. వాడికి ఐదేండ్లు. ఏడుపు కూడా బయటికి రాలేదు, నోరు మాత్రం తెరుచుకుంది.

నేను అరిచాను. "వాడు కాదు బాపూ! అమ్మమ్మ దాసింది. ఎప్పుడూ అమ్మమ్మే దాస్తది. గా బొంతల నడుమ ఉన్నది సూడు!"

తమ్ముడి కోసం అన్నాను. బండి తప్పితే ఇక ఎప్పటికీ రామేమోనన్న భయంతో కూడా అన్నాను. ఏ కారణంతో అంటే ఏం, అందరికీ తెలిసి ఎవరూ అననిదాన్ని నడివాకిట్లో అనేశాను. పక్కింటివాళ్లు ఇద్దరు అప్పటికే గోడ మీంచి చూస్తున్నారు. అమ్మమ్మ మూలకు పోయి బొంతల నడుమ నుంచి చెప్పు తీసింది. తలుపు వెనక ఆగలేదు. నెత్తి మీద కొంగు కూడా లేదు. ఆ కొంగుతోనే చెప్పు మీది దుమ్ము తుడుచుకుంటూ వచ్చి, వంగి, బాపు కాళ్ల ముందు కుడి చెప్పు పక్కన పెట్టింది.

"తప్పైంది అయ్యా. జర ఒక్క పూట ఉంటరేమోనని."

అల్లుడితో ఆమె నేరుగా అన్న మొదటి మాట అది. అత్త తన చెప్పు ముట్టుకుని కాళ్ల దగ్గర పెట్టేసరికి బాపు నిప్పు మీద కాలు పడినట్టు రెండడుగులు వెనక్కి వేశాడు. ఆయన నోరు కదిలింది. కానీ ఆమెతో నేరుగా మాట్లాడటం ఆయనకు రాదు. నావైపు తిరిగి, "సువార్తా, మీ అమ్మమ్మకు చెప్పు..." అని ఆగాడు. ఏం చెప్పాలో చెప్పలేదు. నేను ఎదురుచూస్తూ నిలబడ్డాను. తాత లేచి బండి కట్టాడు.

ఆ రోజు రైలు అందింది. పోయేటప్పుడు వంటింట్లోకి తొంగి చూశాను. తడిగుడ్డ కప్పిన గిన్నె అట్లాగే ఉంది. మళ్లీ నెల రూతు వదిన నన్ను గిచ్చి చెప్పింది: "మీరు పొయ్యినంక రెండు రోజులు పొద్దుమాపు సర్వపిండే తిన్నం. ఆఖరికి కోళ్లకు ఏసినం. నీ పుణ్యమే, పోలీసోడా." ఆ పేరు ఆ రోజు నచ్చలేదు.

నా భయం మాత్రం తీరింది. బాపు ఆ గడప తొక్కడం మానలేదు, మేము ప్రతి నెలా పోతూనే ఉన్నాం. అమ్మమ్మ తొమ్మిదేండ్లు బతికింది. మళ్లీ ఒక్కసారి కూడా చెప్పు దాయలేదు. నాతో మాట్లాడటం మానలేదు, నా వీపు రుద్దడం మానలేదు. కోపం చూపించి ఉంటే నాకు తేలికయ్యేది. నాలుగు కొట్టగానే తనే పోయి రెండు చెప్పులూ తుడిచి, ముఖాలు దారివైపు తిప్పి గుమ్మం దగ్గర జతగా పెట్టేది. తలుపు వెనక నుంచి, "మీ బాపుకు చెప్పు, బండికి యాళ్లైతున్నది" అనేది. నేను మోసేదాన్ని.

నేను ఎదిగినాక మిల్లు మూతపడింది. బాపు జమ్మికుంటలోనే దొరికిన రోజు దొరికిన పని చేసుకునేవాడు. సోమవారానికి ఎక్కడికీ తొందర లేదు. ఒక ఆదివారం భోజనం అయినాక, ఎవరూ చూడటం లేదనుకుని ఆయన తన ఎడమ చెప్పు తీసి కోళ్లగంప కింద పెట్టడం నా కంట పడింది. నా కంటికే పడాలా ఇవన్నీ? పెట్టి వచ్చి అరుగు మీద ఏమీ ఎరగనట్టు కూర్చున్నాడు. నాలుగు అయింది. అమ్మమ్మ చెప్పులు సర్దడానికి వచ్చి ఒంటి చెప్పును చూసింది. చుట్టూ చూసింది. కుక్కను తిట్టలేదు. నేరుగా పోయి గంప ఎత్తి, చెప్పు తీసి, తుడిచి, జత కలిపి పెట్టింది. "మీ బాపుకు చెప్పు, బండికి యాళ్లైతున్నది."

ఆ చెప్పు అక్కడ ఎట్లా ఉందో ఆమెకు తెలిసిందో లేదో నాకు తెలియదు. నాలుగే మాటలు చాలు: అమ్మమ్మా, బాపే దాసిండు, ఉంటడంట. నాలుక చివరిదాకా వచ్చాయి. ఒకసారి నోరు జారి వాత పడ్డట్టయిన నాలుక కదా, ఆగిపోయింది. బాపు చెప్పులు తొడుక్కున్నాడు. ఆమెను పూడ్చిన రోజు ఇంటి నుంచి సమాధుల తోట దాకా బాపు వట్టికాళ్లతో నడిచాడు. ఎండ బాగా ఉంది. ఎవరో చెప్పులు తెచ్చి ఇస్తే వద్దన్నాడు.

ఇప్పుడు మాకు తలుపు చాటు లేదు. నా అల్లుడు నన్ను అత్తమ్మా అని పిలిచి, నా వంటింట్లోకి వచ్చి తనే చాయ్ పెట్టుకుంటాడు, నాకూ ఒక కప్పు ఇస్తాడు. పొట్ట పెరుగుతున్నది, నడువుమని మొహం మీదే అంటాను. కారు మెల్లగా తోలుమంటాను. మధ్యన ఏ సువార్తా అక్కర లేదు. ఇంత మాట్లాడే నోటికి ఒక్క మాట మాత్రం రాదు. ఈ పూట ఉండుండ్రి. సోమవారం ఆయనకు ఆఫీసు, బిడ్డకు డ్యూటీ, పిల్లకు బడి. సోమవారం ఆలస్యమైతే ఏమౌతుందో బాపు శుభ్రమైన ముఖంలో చూసినదాన్ని. ఎట్లా అడుగుతాను?

మొన్న శనివారం పొద్దుగూకే వేళ పిల్లలు ముగ్గురూ నా చుట్టూ కూర్చుని పల్లీలు ఒలుస్తూ కథ అడిగితే ఇదే చెప్పాను. కొడుకు పిల్లలిద్దరికీ కోళ్లగంప ముచ్చట దగ్గర నవ్వొచ్చింది. మిన్ను నవ్వలేదు. "మరి నువ్వెందుకు చెప్పినవ్ అమ్మమ్మా?" అంది. పల్లీలు తినకు, ఒలువు అన్నాను.

ఆదివారం చర్చి అయింది, భోజనం అయింది. నాలుగింటికి అల్లుడు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. కుడి బూటు ఒక్కటే ఉంది. కరుణ నడుం మీద చేతులు పెట్టుకుని నావైపు చూసింది. "అవ్వా, నువ్వు గిట్ల దాసినవా?"

"నాకు మీ ఆయన బూట్లతోని ఏం పని?" అన్నాను. అది నిజం. ముసలాయన కుర్చీలోంచి, "గీ ఇంట్ల కుక్క గూడ లేకపాయె, తిట్టుకుందమంటే" అన్నాడు. మంచాల కింద, కారు సీట్ల కింద, బట్టల బుట్టలో వెతికారు. నేను నిలబడ్డ చోటి నుంచి చూస్తే మిన్ను బట్టలు ఉతికే మిషనుకు వీపు ఆనించి, ఎన్నడూ లేనంత బుద్ధిగా నిలబడి ఉంది. మిషను మూత సందులోంచి నల్లటి లేసు జానెడు బయటికి వేలాడుతోంది.

"అత్తమ్మా, మీరు సూసిన్రా?" అని అల్లుడు అడిగాడు.

అందరూ నావైపు తిరిగారు. ఈ ఇంట్లో ఉన్నది ఉన్నట్టు అనే మనిషిని నేనొక్కదాన్నే అని వాళ్లకు తెలుసు. నేను చెబితే ఇక వెతకనక్కర లేదు. మిన్ను కళ్లు నా నోటి మీదే ఉన్నాయి.

"సూడలే బిడ్డా" అన్నాను.

అని వంటింట్లోకి పోయి, మూలన పెట్టిన గిన్నె మీది తడిగుడ్డ తీశాను. పొద్దున చర్చికి పోకముందే కలిపి పెట్టిన పిండి అది. తొమ్మిది మందికి సరిపోతుంది.